సీసపు గుళ్ళ దుప్పటి

రక్షించేవాడు ఎప్పుడూ ఆఖరి నిమిషంలోనే ఎందుకొస్తాడన్నది దర్జీకి ఏళ్ళ తరబడి తీరని అనుమానం. రోజూ పొద్దున్నే దీపం పెట్టి, "స్వామీ, తప్పు పట్టుకోకు గానీ, కాస్త ముందే బయల్దేరితే నీ సొమ్మేం పోతుంది?" అని అడిగి మరీ స్టూడియోకి వెళ్ళేవాడు. జవాబు రాలేదు. అదీ ఆఖరి నిమిషంలోనే వస్తుందేమోనని సరిపెట్టుకునేవాడు.

ఈ మధ్య అతను కుట్టిన బట్టలన్నీ అలాంటి రక్షకుడికే. సినిమా పేరు 'పిడుగు మనిషి'. కథానాయకుడి కండల్లో మూడొంతులు స్పాంజి, అది దర్జీ చేతిపని. గాల్లో ఎగిరేది కథానాయకుడు కాదు, దర్జీ బావమరిది. నడుముకి తీగలు కట్టించుకుని వేలాడే డూప్. ఇక వీపు మీద రెపరెపలాడే ఎర్ర గుడ్డని అందరూ కేప్ అంటారు గానీ దర్జీకి అది దుప్పటే. అలాంటివి రెండు కుట్టాడు. నడవడానికి తేలికది, ఎగరడానికి అంచు మడతలో సీసపు గుళ్ళు పెట్టింది. గుళ్ళు లేకపోతే దుప్పటి గాలికి లేచి తలకి చుట్టుకుంటుంది.

సినిమా పూర్తయ్యాక ఒక మధ్యాహ్నం చిన్న హాల్లో ప్రివ్యూ వేశారు. అయిపోగానే తలా ఒక కాగితం పంచారు. ఎడమవైపు బలాలు, కుడివైపు బలహీనతలు రాయాలి. అందరూ వరండాలో టీ కప్పులు పట్టుకుని మొదలెట్టారు.

"విలన్ గొంతు అదిరిపోయింది!"

"అది అరువు గొంతండీ బాబూ."

"పోనీ, ఆ నవ్వులో పళ్ళు అతనివేగా? అవి రాస్తాను."

"తల్లి వేషం వేసినావిడ కొడుకు కంటే చిన్నది కదూ?"

"పిడుగు మనిషిని కన్నతల్లి, ఆమాత్రం మహిమ ఉండదా? బలాల్లో రాసెయ్."

"కథానాయిక చేత కేకలు తప్ప ఏమీ చేయించలేదు."

"కేకలు మాత్రం ఒక్కొక్కటీ ముత్యంలా ఉన్నాయి."

ఒక్క విషయంలో మాత్రం అందరిదీ ఒకటే మాట. రెండో సగంలో కథానాయకుడి నడక! లోకం బరువంతా భుజాన మోస్తున్నట్టు మెడ వంచి, కాలీడ్చి నడిచాడు. నటనంటే అదీ అని అందరూ ఎడమవైపు రాశారు. కుడివైపు కూడా అందరిదీ ఒకటే మాట. ఊరంతటినీ కాపాడ్డానికి ఎగిరిన పిడుగు మనిషి, దుప్పటి తలకి చుట్టుకుని, గాల్లో మూడు చుట్లు తిరిగి, దండెం మీద తడిబట్టలా వేలాడాడు. హాలంతా పొట్ట పట్టుకుని నవ్వింది.

దర్శకుడు మాత్రం నవ్వలేదు. "ఆ ఎగిరినవాణ్ణి ఇవాళే పంపించెయ్యండి. ఇక ముందు నా సినిమాల్లో వాడి నీడ కూడా కనబడకూడదు," అని గదిలోకి వెళ్ళిపోయాడు.

బావమరిది దర్జీని పక్కకి లాగాడు. "నేను సరిగ్గానే ఎగిరాను బావా. ఆ దుప్పటి ఎందుకలా లేచిందో దేవుడికే తెలియాలి."

దర్జీ గబగబా బట్టల గదికి వెళ్ళి రెండు దుప్పట్ల అంచులూ తడిమి చూశాడు. గుళ్ళన్నీ తను పొరపాటున నడిచే దుప్పట్లో కుట్టేశాడు. కథానాయకుడు మోసింది లోకం బరువు కాదు, కిలోన్నర సీసం.

పన్నెండేళ్ళ కిందట ఇదే గదిలో దర్జీ ఇస్త్రీపెట్టె మరిచిపోయి ఒక పట్టుకోటు కాల్చేశాడు. అప్పుడు ఇంట్లో భార్యకి నెలలు నిండాయి. బావమరిది కూడా ఇక్కడే బొత్తాలు కుట్టేవాడు. "అక్కకి ఇప్పుడు నీ జీతం కావాలి బావా," అని ఆ నింద నెత్తినేసుకుని ఉద్యోగం పోగొట్టుకున్నాడు. వేరే పని దొరక్క తీగలకి వేలాడ్డం నేర్చుకున్నాడు. తర్వాత చెబుదాంలే అనుకున్న దర్జీకి ఆ తర్వాత రానేలేదు.

కాగితం తీశాడు. ఎడమవైపు ఖాళీగా వదిలేసి, కుడివైపు రెండు వాక్యాలు రాసి, దర్శకుడికి స్వయంగా ఇచ్చాడు.

"పట్టుకోటా? మన సినిమాలో కాలిన కోటు ఎక్కడుందయ్యా?"

"సినిమాలో లేదు సార్. ఆ బలహీనత నాది. కాల్చింది నేను, వెళ్ళిపోయింది మా బావమరిది. రెండోది కూడా చదవండి."

దర్శకుడు రెండోది చదివాడు. "అంటే... ఆ నడక?"

"సీసం సార్."

దర్శకుడు గబుక్కున కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "ఎగిరే సీను మళ్ళీ తీద్దాం. వాడితోనే. ఈ సీసం సంగతి నీ నోటంట రాకూడదు. తెర మీద నీ పేరు మాత్రం వెయ్యను, అదే నీకు శిక్ష."

దర్జీ సరేనన్నాడు. ఎప్పుడు వేశారు గనక!

గుమ్మం దాటబోతుంటే వెనకనుంచి మళ్ళీ పిలిచాడు. "ఇదిగో, నడిచే దుప్పట్లో గుళ్ళు ఉండనీ. తియ్యకు."

బయట నిలబడి అంతా విన్న బావమరిది అన్నాడు: "కోటు సంగతి ఇప్పుడెందుకు బావా? పన్నెండేళ్ళకా రావడం?"

"అప్పుడే బయల్దేరానురా. భయం అడ్డొచ్చింది."

స్వామికి ఏం అడ్డొస్తుందో మాత్రం దర్జీకి ఇప్పటికీ అంతుపట్టలేదు. బట్టల గదికి తిరిగొచ్చి, కొత్త గుళ్ళ పొట్లం విప్పి, సూదిలో దారం ఎక్కించాడు. పన్నెండేళ్ళుగా ఆ గది గడప తొక్కని బావమరిది లోపలికొచ్చి, ఎదురుగా కూర్చుని, దుప్పటి అంచు పట్టుకున్నాడు.

"సరే, చెల్లు," అన్నాడు. "కుట్టు. ఈసారి గుళ్ళు నేనే లెక్కపెడతాను."