కొట్లో మిగిలిన పైపులు

పెళ్లయిన నాటినుంచీ కోమల ఇంటికి కొట్లో అమ్ముడుపోనివే వస్తాయి. చీలిన బకెట్టు, వెలిసిపోయిన కొళాయి, మూత సరిపోని డ్రమ్ము. సారం పేటలో మొగుడు పట్టాభి హార్డ్‌వేర్ కొట్టంటే ఊరందరికీ నమ్మకమే. ఇంటావిడకే ఆ భాగ్యం లేదు.

ఇన్నాళ్లూ సర్దుకుంది. ఈసారి ఒళ్లు మండిపోయింది. కాన్పయిన కూతురు చరిత వచ్చే వారం పసిబిడ్డతో మేడమీది కొత్త గదుల్లోకి వస్తోంది. ఆ గదుల్లో కొళాయి తిప్పగానే నీళ్లతోపాటు ప్లాస్టిక్ కంపు గుప్పుమంది. కొట్టు డాబామీద ఏళ్లతరబడి ఎండకు పెళుసెక్కిన, ఏ ముద్రా లేని పైపుల్ని మొగుడు గోడల్లో పెట్టించాడు.

"ఏందండీ ఇది? బిడ్డకు ఈ నీళ్లా?"

"సుమ్మా ఊరికే అరవొద్దు కోమలా. వంటింట్లో ఫిల్టర్ పెట్టిస్తా, చాల్లే."

"బిడ్డకు స్నానం యాడ చేయిస్తాం, మీ ఫిల్టర్ కిందనా? ఆ నీళ్లు నోట్లోకి పోవా?"

ఆయన చెప్పులేసుకుని కొట్టుకు వెళ్లిపోయాడు. మగమహారాజులకు మాట అందకపోతే చెప్పులు అందుతాయి.

కోపం చల్లారక కోమల కాసేపటికి తనూ కొట్టుకు వెళ్లింది. అక్కడ ఇల్లు కట్టుకుంటున్న విల్లియనూరు రైతు చిన్నదురై, డాబామీద మిగిలిన ఆ పైపులే చవగ్గా ఇమ్మని అరవంలో బతిమాలుతున్నాడు. పట్టాభి ససేమిరా అంటున్నాడు. అది తుక్కు కరిగించి చేసిన సరుకట, తాగే నీళ్లకు పనికిరాదట. అందులో ఏం కలిపారో ఎవడికీ తెలియదు, ఏ ఫిల్టరూ దాన్ని బాగుచేస్తుందని నేను చెప్పలేను, ముద్రున్న తాగునీటి పైపే తీసుకో అని అరవంలోనే గదమాయించాడు.

కోమలకు కళ్లలో నీళ్లు తిరిగాయి, ఏడుపుతో కాదు, కోపంతో. తెలియక చేశాడనుకుంటే క్షమించేదే. ఈయనకు అన్నీ తెలుసు.

"ఆయనకిచ్చే పైపే నాకూ ఇయ్యండి," అంది గట్టిగా.

పట్టాభి ముఖం పాలిపోయింది. "ఇంట్లో మాట్లాడుకుందాం లే."

"ఇంట్లో నేను మీ పెళ్లాన్ని, నాకు తుక్కే ఇస్తారు. అందుకే ఈడ బేరానికొచ్చినా."

"గోడలన్నీ మళ్లా పగలగొట్టాలే!"

"పగలగొట్టండి. లేకుంటే చరితను రావద్దని నేనే చెప్తా. ఎందుకో కూడా చెప్తా."

తెలుగు రాని చిన్నదురై కూడా తలొంచుకున్నాడు. పట్టాభి ఫోన్ తీసి ప్లంబర్‌ను పిలిచాడు. గోడ పగిలే చప్పుడు వినిపించేదాకా ఇంట్లో పొయ్యి వెలిగేది లేదని చెప్పి, కోమల కొట్టు దిగింది.