పాత గురువారం

ప్రతి శనివారం మధ్యాహ్నం మూడింటికి వాతావరణ ఆఫీసులో ఆమె వచ్చే వారం సంగతి రాయడానికి కూర్చుంటుంది. ఊరంతా ఆమెను వానక్క అంటారు. పెన్సిలు చెక్కుకుని, డాబా ఎక్కి గాలి ఎటు తిరుగుతోందో చూసి, కిందికొచ్చి ఏడు రోజులకు ఏడు వరుసలు రాస్తుంది. ఆదివారం పొద్దున్నే ఆ కాగితం బస్టాండు గోడకు అంటిస్తారు.

వసంతం మొదట్లో ఆమెకు ఇంకో పని తోడవుతుంది. చలి మూటాముల్లె సర్దుకుని వెళ్లిపోయి, ఎండ ఇంకా దిగని ఆ రోజుల్లో ఆకాశం దగ్గర కొత్త రోజులు నిండుకుంటాయి. అప్పుడది పాత రోజొకటి తీసి సర్దుతుంది. అది ఏ రోజో కనిపెట్టాలంటే పాత రిజిస్టర్లు తిరగెయ్యాలి. పాత రోజు తన ఎండనూ వాననూ తెచ్చుకుంటుంది, ఆనాడు గాలి మోసినవన్నీ మళ్లీ మోసుకొస్తుంది. పోయినేడు ఒక పాత మంగళవారం వస్తే, ఎప్పుడో మూతపడ్డ బిస్కెట్ల ఫ్యాక్టరీ వాసన సాయంత్రం దాకా వీధుల్లో తిరిగింది. కాలం చేసిన డ్రిల్లు మాస్టారి విజిల్ వినపడి, బ్యాంకు మేనేజరు నడిరోడ్డు మీద పొట్ట లోపలికి పీల్చి నిటారుగా నిలబడ్డాడు.

ఈసారి గురువారం పాతది. రిజిస్టర్లు వెనక్కి తిప్పుతూ పోయిన వానక్క వేలు పద్దెనిమిదేళ్ల కిందటి పేజీ మీద ఆగింది.

"దొరికిందా అమ్మా?" అన్నాడు ఆఫీసరు.

"దొరికింది సార్. మధ్యాహ్నం రెండున్నరకి మట్టివాన."

"రాసెయ్ మరి. పెన్సిలు పట్టుకుని అలా కూర్చున్నావేం?"

ఎందుకు కూర్చుందో ఆయనకేం తెలుసు? ఆ గురువారం ఆమె చెల్లెలు లాండ్రీ తెరిచింది. ముందురోజు కొత్త బోర్డు కింద నిలబడి, "రేపు ఎండేగా అక్కా?" అని అడిగింది. గాలిపీడనం పడిపోతోందని అక్కకు తెలుసు. కానీ ఆ మొహంలో వెలుగు చూశాక నోరు రాలేదు. "ఎండే," అంది. అన్నది చాలక బస్టాండు కాగితంలో గురువారం వరుస దిద్ది అదే రాసింది. మర్నాడు హాస్టలు వాళ్ల అరవై తెల్ల దుప్పట్లు డాబా మీద మట్టివానకు తడిసి, ఎన్నిసార్లు ఉతికినా పోని మరకలు పట్టాయి. అక్క గొడుగేసుకుని పరుగెత్తుకొచ్చేసరికి అంతా అయిపోయింది.

"నీకు తెలుసు. తెలిసే చెప్పలేదు కదూ?" అంది చెల్లెలు.

కింద వంటింట్లోంచి అమ్మ ఏదో కేకేసింది గానీ, ఆ గొడవలో ఇద్దరూ చెవిన పెట్టలేదు. ఒకరు వీధిలోకి పోయారు, ఒకరు చీకటి పడేదాకా డాబా మీదే కూర్చున్నారు. ఆ మరుసటేడు అమ్మ పోయింది. ఆ రోజూ అక్కాచెల్లెళ్లు చెరో గోడకి ఆనుకుని ఏడ్చారు.

లాండ్రీ మళ్లీ నిలదొక్కుకుంది. కానీ చెల్లెలిది ఉడుంపట్టు. అప్పట్నుంచి అక్క ఎండ అని రాస్తే దుప్పట్లు లోపల ఆరేస్తుంది, వాన అని రాస్తే డాబా ఎక్కిస్తుంది. దుప్పట్లు ఎన్నిసార్లు తడిసినా పంతం మాత్రం తడవలేదు.

ఇప్పుడు వాన అని రాస్తే దుప్పట్లు పోతాయి. ఎండ అని రాస్తే దుప్పట్లు దక్కుతాయి, ఊరంతా తడుస్తుంది. వానక్క చాలాసేపు కూర్చుని, చివరికి ఉన్నదున్నట్టు రాసింది. గురువారం సగం రోజు సెలవు పెట్టింది.

రెండింటికి లాండ్రీ మెట్లెక్కింది. అనుకున్నట్టే డాబా నిండా దుప్పట్లు.

"వాన వస్తుందే. తీసెయ్."

"నీ కాగితమూ అదే అంది. అందుకే ఆరేశాను," అంది చెల్లెలు, అటు తిరిగే.

వానక్క గొడుగు గోడకి ఆనించి, క్లిప్పులు పీకి దుప్పట్లు లాగడం మొదలుపెట్టింది. చెల్లెలు కాసేపు చేతులు కట్టుకుని చూసింది. మొదటి ఎర్రటి చుక్క మోచేతి మీద పడగానే తనూ రెండో తాడు పట్టుకుంది. ఇంకా పది దుప్పట్లుండగా పద్దెనిమిదేళ్ల నాటి వాన దబదబా దిగింది. అప్పుడు గాలి మెట్ల కింద నుంచి ఒక గొంతును పైకి తెచ్చింది.

"ఇద్దరూ కిందికి రండే! పోతే పోయాయిలే దుప్పట్లు. టీ పెట్టాను, చల్లారిపోతోంది."

అక్క చేతిలో దుప్పటి అక్కడే జారిపోయింది. అమ్మ ఆనాడు అన్న మాట ఇదా? ఇంత చిన్న మాట వినలేకపోయారా? ఆమెకు దుఃఖం ఆగలేదు.

చెల్లెలు తడిసిన చెంగుతో మొహం తుడుచుకుని, పిట్టగోడ మీద నుంచి కిందికి వంగింది.

"వస్తున్నామమ్మా!"

వెళ్లారు. కింద పొయ్యి చల్లగానే ఉంది. చెల్లెలే వెలిగించి టీ పెట్టింది. గ్లాసు అక్క చేతికిస్తూ, పద్దెనిమిదేళ్ల తర్వాత అదే మాట అడిగింది.

"రేపు ఎండేగా అక్కా?"

వానక్క ఆ మొహం వైపు చూసింది. ఎండే అనేయాలని నాలుక చివరిదాకా వచ్చింది.

"మధ్యాహ్నం దాకానే. ఆ తర్వాత నమ్మలేం."

"చాలు," అంది చెల్లెలు. "మధ్యాహ్నానికే ఆరిపోతాయి."