ఎడమ చెయ్యి ఎత్తండి

అయినా ఆ రెండు దేశాల పెద్దమనుషుల్నీ తలో గంట నా కుర్చీలో పడుకోబెడితే యుద్ధం ఆగిపోతుందని నేను ఎప్పటినుంచో మొత్తుకుంటున్నాను, మొహం మీద లైటు, మెడ కింద కాగితపు తువ్వాలు, నోరు బార్లా తెరిచి, పక్కనున్న మనిషి చేతిలో ఏముందో తెలియక బిక్కచచ్చి పడుకున్నవాడికి పొరుగువాడి సరిహద్దు మీద మోజు ఎక్కడుంటుంది, సరదాకి అనడం లేదు, ఒక మాజీ మంత్రికి పిప్పి పన్ను తీశాను, ఆయన కూడా అందరిలాగే కాళ్ళ వేళ్ళు ముడుచుకున్నాడు, ఈ మాటే మొన్న ఒక రిటైర్డు జడ్జిగారితో అన్నాను, ఆయన ఆఁ అన్నారు, కాలేజీలో రాజనీతి పాఠాలు చెప్పే మేడమ్‌తో అన్నాను, ఆవిడా ఆఁ అంది, పన్నులు వసూలు చేసే పద్ధతి గురించి, టీవీలో ఆరు గళ్ళలోంచి ఆరుగురు ఒకేసారి అరిచే చర్చల గురించి, ఒకే రోడ్డును ఒకసారి నీళ్ళవాళ్ళూ మరోసారి కరెంటువాళ్ళూ తవ్వడం గురించి, నేను పళ్ళ డాక్టరునై ఈ గది తెరిచిన దగ్గర్నుంచి ఇక్కడ చెప్పిన ఏ అభిప్రాయాన్నీ ఒక్కరంటే ఒక్కరు కాదనలేదు, ఇంట్లో మా ఆయన నేను నోరు విప్పగానే పేపరు అడ్డం పెట్టుకుంటాడు, అది వేరే సంగతి, ఇక్కడ మాత్రం అందరూ బుద్ధిగా విని, నోరు పుక్కిలించి, థాంక్స్ చెప్పి వెళ్తారు, దాంతో నా అభిప్రాయాల మీద నాకు మంచి గురి కుదిరింది, ఎందుకు కుదరదు.

నోరు ఇంకాస్త తెరవరా, అదీ, అలా ఉంచు, ఇవాళ ఈ కుర్చీలో ఉన్నది నా సొంత తమ్ముడు, రైలు నడుపుతాడు, వాళ్ళ సంఘానికి నాయకుడు కూడా, పోయిన ఎన్నికల ముందు వాళ్ళు సమ్మె కట్టి రైళ్ళన్నీ ఆపేసినప్పుడు, అమ్మ ఇంట్లో భోజనాల దగ్గర, నీలాంటివాళ్ళ వల్లేరా ఊరంతా మూతపడింది అన్నాను, అప్పుడేమిటి, ఇప్పుడూ అంటాను, నువ్వు ఒక్కరోజు ఇంజనులో కూర్చుని చూడక్కా అని వాడేదో మొదలుపెట్టాడు, నేను అందుకున్నాను, నేను అందుకుంటే అంత తొందరగా వదలనని అందరికీ తెలుసు, వాడు పళ్ళెం ముందు నుంచి లేచి ఎంగిలిచేత్తోనే గుమ్మం దాటిపోయాడు, ఆ తర్వాత ప్రభుత్వం మారింది, రైళ్ళు ఎప్పటిలాగే తిరుగుతున్నాయి, మేమిద్దరం మాత్రం ఎడమొహం పెడమొహం, అమ్మ చూసి చూసి ఆదివారం మధ్యాహ్నం వాడికీ సాయంత్రం నాకూ అని వేళలు పంచేసింది, ఆస్పత్రిలో రోగిని చూడటానికి వెళ్ళినట్టు వెళ్ళొస్తున్నాం, ఒకసారి నేను కాస్త ముందుగా వెళ్ళి కుర్చీలో కూర్చుంటే అది ఇంకా వెచ్చగా ఉంది, వాడు అప్పుడే లేచి వెళ్ళాడన్నమాట, ఆ వెచ్చదనం మీద కూర్చుని నేను అమ్మతో చమురు ధరల గురించి మాట్లాడాను, అమ్మ అంతా విని, నేను పోయిన రోజైనా ఇద్దరూ ఒకే వేళకి వస్తారా తల్లీ అంది, నవ్వేశాను, కానీ ఆ మాట అప్పటినుంచీ లోపల గుచ్చుకుంటూనే ఉంది.

పొద్దున ఎడమ బుగ్గ బూరెలా వాచిపోయి, ఆ బుగ్గ చేత్తో పట్టుకుని మెట్లెక్కి వచ్చాడు, నొప్పిగా ఉంది, పీకెయ్, అంతే, అక్కా అని కూడా అనలేదు, వేరే డాక్టరంటే వాడికి చిన్నప్పటినుంచీ భయం, లేకపోతే నా గుమ్మం తొక్కేవాడా, ఎక్స్‌రే తీసి చూశాను, దవడ పన్ను, నడిమికి పుచ్చింది గానీ వేళ్ళు గట్టివి, పీకను, కాపాడతాను అన్నాను, వాడు పెదవి విరిచి కుర్చీలో వాలిపోయాడు, వాడి రాజకీయం ఎప్పుడూ ఇంతే, కాస్త పుచ్చితే చాలు మొత్తం పెకలించి పారెయ్యాలంటాడు, నేనేమో పుచ్చినంత మేర తొలిచి, శుభ్రం చేసి, మిగిలినదాన్ని నిలబెట్టాలంటాను, దేశమైనా పన్నైనా నా పద్ధతి ఒకటే, కాకపోతే ఇవాళ నా బెంగ పన్ను గురించి కాదు, వీడు వచ్చినట్టే మూగగా లేచి వెళ్ళిపోతే మళ్ళీ రాడు, నాకు వాడి సంగతి తెలుసు, మళ్ళీ మేమిద్దరం ఒక గదిలో కలిసేది అమ్మ అన్న ఆ రోజే, అందుకని పన్ను బాగయ్యేలోపు వీడి మనసు కూడా బాగుచేసెయ్యాలనుకున్నాను, వాడు కదలలేడు, నేను మాట్లాడగలను, ఇంతకంటే మంచి అవకాశం ఎప్పుడొస్తుంది.

మత్తు సూది వేశాను, నా గది నియమం చెప్పాను, నొప్పైతే ఎడమ చెయ్యి ఎత్తు, కుడిది ఎత్తితే నా మోచేతికి తగులుతుంది, డ్రిల్లు ఎటు పోతుందో నాకే తెలీదు, ఈ మాట ఎంతమందికి చెప్పానో, నిద్రలో కూడా చెబుతానని మా ఆయన వెక్కిరిస్తాడు, పన్ను ఒక్కటే పైకి వచ్చేలా నోటికి రబ్బరు షీటు బిగించాను, ఇక వాడికి ఆఁ అనడానికి కూడా వీల్లేదు, మా నర్సమ్మ ఉమ్ము లాగే గొట్టం పెదవికి తగిలించి, ఎప్పటిలాగే ఎటో చూస్తూ నిలబడింది, ఆవిడకి నా అభిప్రాయాలన్నీ కంఠతా వచ్చు, నేను డ్రిల్లు మొదలుపెట్టి, చూడరా, సమ్మె అనేది బతిమాలుకోవడం చేతకానివాళ్ళు చేసే పని, అన్నాను, చెయ్యి లేచింది, అయ్యో, మత్తు ఇంకా పూర్తిగా ఎక్కలేదు, పుచ్చిన పన్ను ఇలాగే మొండికేస్తుంది, మా వంశంలాగా, ఇంకో సూది అన్నాను, నర్సమ్మ అందించింది, కాసేపు ఆగాం, ఈలోగా కింద రోడ్డు మీద ఎన్నికల బండి ఒకటి మైకు పెట్టుకుని పోతోంది, మీ ఇంటి ఆడపడుచును, మీ గొంతును అని ఎవరిదో గొంతు, మన గొంతు వీళ్ళకెందుకు, మన గొంతు మన దగ్గరే ఉంది కదా, మళ్ళీ మొదలుపెట్టాను, యంత్రం ఆపడం ఎవడికైనా వచ్చు, నడపడంలో ఉంటుంది గొప్ప, అన్నాను, చెయ్యి మళ్ళీ లేచింది, ఈసారి ఇంకాస్త పైకి, లివర్లు తిప్పీ తిప్పీ కాయలు కాసిన మొరటు చెయ్యి, డ్రిల్లు ఆపి బుగ్గ తట్టి చూశాను, పెదవి మందంగా ఉందారా అంటే తలాడించాడు, మరి నొప్పేమిటి, ఇంకో సూది, డాక్టరుగారూ ఇది మూడోదండి అంది నర్సమ్మ, తెలుసమ్మా, అంతవరకూ ఫరవాలేదు, మా తమ్ముడి మొండితనం నీకు తెలీదు, అన్నాను.

పన్ను తెరిచి నరం మొత్తం లాగేశాను, సన్నటి ఎర్ర దారప్పోగు, ఇంత మనిషిని రాత్రంతా ఏడిపించింది ఇదా అనిపిస్తుంది చూస్తే, లోపల కడిగి, మందు పెట్టే ముందు దూది పుల్లతో తడి అద్దుతున్నాను, చేతిలో డ్రిల్లు కూడా లేదు, పని సాఫీగా సాగుతోందన్న హుషారులో, శాంతి చర్చలు ఎందుకు తెగవో తెలుసా, బల్ల అటూ ఇటూ ఇద్దరూ మాట్లాడేవాళ్ళే, పూల గుత్తులు పెడతారు గానీ వినేవాణ్ణి ఒక్కణ్ణి పెట్టరు, అన్నాను, చెయ్యి లేవలేదు, అందుకే చెబుతున్నా, మీరు కూడా పట్టాలకి అడ్డం కూర్చోకుండా అధికారులు చెప్పేది కాస్త విని ఉంటే సరిపోయేది, అన్నాను, చెయ్యి లేచింది, నిటారుగా, బడిలో వెనక బెంచీలోంచి ఎత్తినట్టు, నేను నాలుగో సూది అనబోయి ఆగిపోయాను, ఆగు, ఆగు, నరం లేదు కదా, అదిగో ట్రేలో పడుంది, నరమే లేని పన్నుకి నొప్పి ఎలా వస్తుంది, వీడి నోట్లో ఇప్పుడు నొప్పెట్టడానికి ఏం మిగిలిందని, వాడి కళ్ళలోకి చూశాను, ఇంతసేపూ నోట్లోకే చూశాను గానీ కళ్ళలోకి చూడలేదు, ఆ కళ్ళు బాధలో ఉన్నవాడి కళ్ళు కావు, కోపంగా ఉన్నాయి, చిన్నప్పుడు క్యారమ్స్ ఆటలో నేను తొండి చేస్తే చూసే చూపు, అచ్చం అదే చూపు.

నేను రెండు చేతులూ పైకెత్తేశాను, పనిముట్లు ఏవీ లేకుండా, సమ్మె చేసేవాళ్ళంతా సోమరిపోతులు, అన్నాను, చెయ్యి లేచింది, సరే, దించు, చిన్నప్పుడు అమ్మ నీకంటే నన్నే ముద్దు చేసేది, చెయ్యి లేచింది, అబ్బో, అమ్మకి నువ్వంటేనే ప్రాణం, చెయ్యి లేవలేదు, వెధవ, పొట్ట మీద హాయిగా పెట్టుకున్నాడు, క్యారమ్స్‌లో నేనెప్పుడూ తొండి చెయ్యలేదు, చెయ్యి ఎంత విసురుగా లేచిందంటే లైటుకి తగిలి లైటు ఊగింది, నర్సమ్మ మొదటిసారి ఇటు తిరిగి చూసింది, నాకు నవ్వు తన్నుకొచ్చింది, మాస్కు లోపల, కళ్ళద్దాలు మసకబారేలా నవ్వాను, ఆ నవ్వు మధ్యలోనే జడ్జిగారు గుర్తొచ్చారు, న్యాయస్థానాలు ఎలా ఉండాలో నేను చెబుతుంటే ఆయన పాపం చెయ్యి ఎత్తారు, నేను సూది వేశాను, మళ్ళీ ఎత్తారు, మళ్ళీ వేశాను, సగం మొహం మొద్దుబారి, కారు తలుపు ఎటు తెరవాలో కూడా తెలియకుండా వెళ్ళారాయన, రాజనీతి మేడమ్ ఎత్తింది, నాకు బాగా గుర్తు, రెండు మూడుసార్లు ఎత్తింది, ఈవిడకి బాధ ఓర్చుకునే శక్తి తక్కువ అనుకున్నాను, తర్వాత రెండో సిట్టింగుకి రాలేదు, ఇంకా ఎవరెవరో, కిటికీ వైపు లేచిన ఎడమ చేతులన్నీ, గాజుల చేతులు, గడియారాల చేతులు, నేను చెప్పిన ప్రతి గొప్ప మాటకీ ఒకటి లేచి ఉంటుంది, లేచిన ప్రతి చేతికీ నేను మత్తిచ్చాను, ఈ గదిలో నన్ను ఒక్కరూ కాదనలేదని కదా ఇందాక గొప్పలు పోయాను, ఇన్నాళ్ళూ ఇక్కడ నిండు సభ జరిగింది, ప్రతిపక్షం అంతా నోరు తెరుచుకుని పడుకునే ఉంది.

ఇది తెలిసి కుంగిపోయానా అంటే లేదు, నా అభిప్రాయాలు నావే, వాటిలో చాలామటుకు సరైనవే, ఆ యుద్ధం విషయంలో నా కుర్చీ వైద్యం ఇప్పటికీ మంచిదనే అంటాను, కానీ ఒక్కసారిగా ఆకలేసినట్టు అనిపించింది, ఈ చెయ్యి వెనకాల ఉన్న మాటలు ఏమిటో వినాలని, పన్ను మీద తాత్కాలికంగా ఫిల్లింగు పెట్టి, రబ్బరు షీటు విప్పి, గొట్టం తీసి, కుర్చీ లేపి, చెప్పు, అన్నాను, వాడు నమ్మలేనట్టు చూసి, నీళ్ళు పుక్కిలిస్తే పెదవి స్వాధీనంలో లేక సగం చొక్కా మీదే పడ్డాయి, తుడుచుకుంటూ, వంకర మూతితో, మాట ముద్ద ముద్దగా వస్తుంటే మొదలుపెట్టాడు, నువ్వు ఆ రోజు నన్ను చెప్పనివ్వలేదు, నాలాగే బండి నడిపే అతనొకడు వరసగా రెండు డ్యూటీలు చేసి కునుకు పట్టి ఎర్ర సిగ్నలు దాటేశాడు, ఎదురుగా బండి లేదు కాబట్టి సరిపోయింది, ఉంటే ఏమయ్యేదో రైలెక్కే ప్రతివాడికీ తెలియాలి, మేం విశ్రాంతి అడిగాం, అడిగినప్పుడల్లా చూస్తాం, ఓపిక పట్టండి అన్నారు, చెయ్యి ఎత్తితే నువ్వు సూది వేశావు చూడు, అచ్చం అలాగే, బండి ఆపాకే గదా మా మొహం చూశారు, ఆ రోజు అన్నం ముందు నుంచి ఎందుకు లేచానో తెలుసా, నువ్వు తిట్టినందుకు కాదు, నువ్వు కూడా విననందుకు.

తలుపు సందులోంచి తరవాతి పేషెంటు తొంగి చూశాడు, కూర్చోండి, ఆలస్యమవుతుంది అన్నాను, వాడు చెబుతూనే ఉన్నాడు, సగం మాటలు అర్థం కావడం లేదు, తప్పు నాదే, మూడు సూదులు, అయినా అర్థమైనంతవరకూ నాకు నచ్చినవి ఉన్నాయి, నచ్చనివీ ఉన్నాయి, విశ్రాంతి సంగతి సరే, అది నేనూ ఒప్పుకుంటాను, సరిగ్గా ఎన్నికల ముందే ఎందుకు ఆపారు, పరీక్షలకి వెళ్ళాల్సిన పిల్లలేం చేశారు, ఆస్పత్రికి చేరాల్సిన ముసలాళ్ళేం చేశారు, ఈ ప్రశ్న నాలుక చివరిదాకా వచ్చింది, అందుకోబోయాను, అలవాటు కదా, అందుకుంటే ఏమవుతుందో కూడా తెలుసు, అటు చూస్తే వాడు కుర్చీ చేతులు పట్టుకుని ముందుకు వంగి, చుక్కలు చుక్కలుగా చొంగ కారుతున్నా పట్టించుకోకుండా చెబుతున్నాడు, నాకోసమే చెబుతున్నాడు, ఇన్నాళ్ళూ దాచుకున్నదంతా, నేను నోరు మూసుకున్నాను, ప్రశ్న మాత్రం లోపల ఆగడం లేదు, ఏం చెయ్యను, గ్లౌజు తొడుక్కున్న నా ఎడమ చెయ్యి దానంతటదే మెల్లగా పైకి లేచింది, వాడు మాట ఆపి దాన్ని చూశాడు, నన్ను చూశాడు, మూతి ఇంకా వంకరైంది, నవ్వన్నమాట, ఏంటక్కా, నొప్పిగా ఉందా అన్నాడు, అక్కా అన్నాడు, పొద్దున్నుంచి ఇదే మొదటిసారి, పోయిన ఎన్నికల దగ్గర్నుంచి ఇదే మొదటిసారి, కళ్ళద్దాలు మళ్ళీ మసకబారాయి, ఉందిరా, చాలా ఉంది, నువ్వు ఆపకు, చెప్పు, ఆదివారం మధ్యాహ్నం అమ్మ దగ్గరికి నేనూ వస్తాను, మిగతాది అక్కడ చెబుదువుగాని, నా వంతు కూడా అక్కడే, అన్నాను, ఈ ప్రపంచం మొత్తం మీద నన్ను కాదని నా ఎదురుగా కూర్చునేవాడు నాకు వీడొక్కడే, వీణ్ణి పోగొట్టుకోను.