గోడ మీది నాలుగు

“మీ చైర్మన్ గారి నవ్వుమొహం కోసం మా తమ్ముడి ప్రాణం మీదికి తెచ్చారు. మీరే. ఇంకెవరూ కాదు.”

ఐస్ ఫ్యాక్టరీ మేనేజర్ కుర్చీ చూపించినా అక్క కూర్చోలేదు. ఉదయం లీకైన పైపు అతికించేశారు, గోడకవతల కంప్రెసర్ మళ్లీ గుడగుడమంటోంది. విరామం అయిందని సైరన్ మోగితే తమ్ముడు మళ్లీ అక్కడికే దిగాలి.

ఫ్యాక్టరీ వెబ్ పేజీలు చూసేది ఆవిడే. మిషన్ దగ్గర ఏం చేయాలో అంతా ఒక పేజీలో ఉంటుంది. ఇదివరకు శీర్షికల ముందు అంకెలు చేత్తో కొట్టేవారు. రెండు ఐదులుండేవి, ఆరు అసలుండేది కాదు. ఆ కంగాళీ భరించలేక, పేజీ ఎలా కనిపించాలో చెప్పే స్టైల్ షీట్‌లో రెండు ముక్కలు రాసింది: శీర్షిక వచ్చినప్పుడల్లా లెక్క ఒకటి పెంచు, ఆ అంకె దాని ముందు తగిలించు. అప్పట్నుంచి అంకె రాసే పనే లేదు, బ్రౌజరే లెక్కపెట్టుకుని చూపిస్తుంది. మేనేజర్ తెగ ముచ్చటపడి గోడల నిండా ఎర్రరంగుతో రాయించాడు: గ్యాస్ లీకైతే 4 చూడు. పేజీలో అంకె కదులుతుంది, గోడ మీది అంకె కదలదు మహాప్రభో అని ఆవిడ అప్పుడే మొత్తుకుంది. పెయింటర్ వచ్చేశాడు కదమ్మా అన్నాడు మేనేజర్.

నిన్న పేజీ నెత్తిన నవ్వుతున్న ఫొటోతో చైర్మన్ సందేశం ఎక్కించారు, శీర్షిక పెట్టి మరీ. అది ఒకటో నంబరై కూర్చుంది. కిందివన్నీ తలో మెట్టు దిగాయి.

ఉదయం పైపులోంచి అమ్మోనియా గ్యాస్ బుస్సుమంది. కొత్తగా చేరిన తమ్ముడు కళ్లు మండిపోతుంటే గోడ చూశాడు, ఫోన్‌లో పేజీ తీసి నాలుగు దగ్గర ఆగాడు. శీర్షిక చదివే తీరికెక్కడిది? కింది వాక్యం పట్టుకున్నాడు: ఎర్ర చక్రం పూర్తిగా తెరవాలి. అది మిషన్ మొదలుపెట్టే పద్ధతి, మొన్నటిదాకా మూడోది. తిప్పితే గ్యాస్ ఇంకా ఎగదన్నే ఆ చక్రం మీద చెయ్యి వేశాడు కూడా. మేస్త్రీ చొక్కా పట్టి ఈడ్చి, తనే చక్రం బిగించాడు.

“నేనొక్క అంకె కూడా ముట్టుకోలేదమ్మా,” అన్నాడు మేనేజర్.

“అదే నా ఏడుపు. ముట్టుకోకుండానే అన్నీ మార్చారు.”

ఆ సందేశాన్ని లెక్కలోంచి తప్పించలేవా అని అతను మెల్లిగా అడిగాడు. తప్పించొచ్చు, ఒక్క వరుస చాలు. ఆవిడ వేళ్లు కీబోర్డు దాకా వెళ్లి వెనక్కి వచ్చాయి. ఇవాళ ఇది సర్దితే రేపు ఇంకో పెద్దమనిషి ఇంకో ఫొటోతో దిగుతాడు. గోడ మాత్రం నాలుగే అంటుంది.

సైరన్ మోగింది. కిటికీలోంచి చూస్తే, తడిగుడ్డతో కళ్లు అద్దుకుంటూ తమ్ముడు మెట్ల వైపు నడుస్తున్నాడు.

ఆవిడ టేబుల్ మీది ఫోన్ తీసి మేనేజర్ చేతిలో పెట్టింది.

“ముందు మిషన్ ఆపించండి. తర్వాత పెయింటర్‌ని పిలవండి. గోడ మీద ఆ అంకె చెరిపి, చేయాల్సిన పని అక్షరాల్లో రాయించండి: ఎర్ర చక్రం మూసెయ్, బయటికి పరుగెత్తు. ఆ రంగు ఆరేదాకా లోపలికి ఎవర్నీ పంపకండి. చెయ్యండి ఫోను, నేనిక్కడే నిలబడతాను.”