నారాయణస్వామి పెట్టెల పందెం

నారాయణస్వామి ఇంట్లో పాట మొదలైందంటే ఫ్యాను ఆగిపోవాలి. వంటింట్లో కుక్కరు కూత వెయ్యకూడదు. దగ్గొస్తే వీధిలోకి పోయి దగ్గి రావాలి. పెళ్లి జరిపించే అయ్యవారు కూడా ఇన్ని నియమాలు పెట్టడని సాదలి ఊళ్లో చెప్పుకుంటారు.

అన్నిటికీ మూలం ఆ గదిలోని రెండు స్పీకరు పెట్టెలు. అసలు టేకువి, ఒక్కొక్కటి మనిషి భుజం ఎత్తు. లోపలి స్పీకర్లను బెంగళూరులో కొట్టుకొట్టూ తిరిగి ఏరి తెచ్చాడు. చెక్కపనికి వడ్రంగిని ఇంట్లోనే కూర్చోబెట్టి, పక్కన తాను కూర్చుని, ఇద్దరికీ ఓపిక నశించేదాకా చేయించాడు. వాటికి తోడు గాజు వాల్వులు ఎర్రగా వెలిగే ఆంప్లిఫయరు, నల్ల రికార్డులు తిప్పే ప్లేయరు. గది మధ్యలో ఒకే ఒక కుర్చీ. దాని కాళ్ల కింద నేలమీద పెయింటు గుర్తులు. కుర్చీ జానెడు జరిగినా వీణ ఎడమ పెట్టెలోకి పారిపోతుందని అతని నమ్మకం. ఆ కుర్చీలో ఎవరైనా కూర్చోవచ్చు, అతను లేచినప్పుడు. అతను లేవడు.

ఆ గదికి ఆనుకునే పట్టుపురుగుల గది. అది మునిరత్నమ్మ రాజ్యం. పట్టుపురుగుకు పొగ పడదు, నారాయణస్వామికి సిగరెట్టు లేనిదే పొద్దు పోదు. అందుకని కాపురానికి వచ్చిన కొత్తల్లోనే ఆమె మొగుణ్ని ఆ గది గడప అవతల నిలబెట్టేసింది. నారాయణస్వామి పెద్దగా బాధపడలేదు. పురుగులు ఆమెవి, పాటలు తనవి అని పంచుకుని, మధ్య గోడకు పెట్టెలు ఆనించి, వాటి వెనక పాత బొంత ఒకటి కొట్టించాడు. శబ్దం గోడకు తగిలి వెనక్కి రాకూడదట.

ఇన్నేళ్లూ ఆ పంపకం బాగానే సాగింది. చిక్కంతా ఈ పంటతో వచ్చింది. తోటలో మల్బరీ ఆకు ఏపుగా వచ్చిందని మునిరత్నమ్మ ఎప్పటికన్నా ఎక్కువ పురుగు పెట్టింది. అవి నాలుగో జ్వరం దాటాయి. పురుగు తిండి మాని కదలకుండా పడుండి చర్మం విడవడాన్ని ఆ వైపు జ్వరం అంటారు. నాలుగోది దాటితే వేలంత లావై చోటు చాలదు. ఇరుకైతే రోగం తగులుతుంది, పంట పోతుంది.

"ఆకు ఉండాది, చేతులుండాయి, చోటే లేదు," అంది మునిరత్నమ్మ. "నీ పాటల గది ఇయ్యయ్యా."

"పెట్టెలు యాడ పెట్టేది?" అన్నాడు నారాయణస్వామి.

"మిద్దె మీద పెట్టు."

"మిద్దె మీద రేకులు! రేకుల కింద వీణ వింటే డబ్బాలో రాళ్లు కదిలించినట్టుంటాది. ఈ గది కోసం నేను ఎంత తపస్సు చేసినానో నీకేం తెలుసు?"

తపస్సు సంగతి ఆమెకు బాగా తెలుసు. తపస్సు చేసినన్నాళ్లూ కాఫీలు అందించింది తనే. ఆమె చిక్కబళ్లాపురంలో ఉన్న కూతురు నేత్రకు ఫోను చేసింది.

నేత్ర మొగుడు లోకేశ్ చిక్కబళ్లాపురంలో టీవీలు, మిక్సీలు అమ్మే దుకాణం నడుపుతాడు. నెమ్మదస్తుడు. మామ ఎదుట కుర్చీలో కూర్చోవడానికే మొహమాటపడతాడు. మామకు అతనిలో కనిపించిన లోపం ఒక్కటే, పాటలు కంప్యూటర్లో వింటాడు. ఆ ఆదివారం పొద్దున్నే భార్యాభర్తలిద్దరూ ఒక అట్టపెట్టె మోసుకుని దిగారు. విప్పితే అరచేతిలో పట్టే నాలుగు తెల్ల డబ్బాలు, కుర్చీ కింద దాగిపోయే ఒక బాస్ పెట్టె.

"ఏమివి లోకేశప్పా, కుంకుమ భరిణెలా?" అన్నాడు నారాయణస్వామి.

"స్పీకర్లు మామా. ఈ రెండు మూడేండ్లుగా బెంగళూరులో ఎవరింట్లో చూసినా ఇవే. గోడకు తగిలిస్తే చోటే పట్టవు."

"చోటు పట్టని దాంట్లో పాట యాడ పడతాదప్పా? శబ్దం అంటే గాలి కదలాల. గాలి కదలాలంటే పెద్ద కోను ఉండాల. ఈ భరిణెలు గాలిని కదిలిస్తాయా, ఈగల్ని తోల్తాయా?"

"ఈగల్ని తోలినా మేలే," అంది గుమ్మంలోంచి మునిరత్నమ్మ. "నాకు గది కావాల."

మాట మీద మాట పెరిగింది. అల్లుడు మొహమాటం కాస్త పక్కన పెట్టి, కళ్లు మూసుకుంటే చాలామంది తేడా చెప్పలేరని మెల్లగా అన్నాడు. ఆ చాలామందిలో తనను కలిపేసరికి నారాయణస్వామికి పౌరుషం పొడుచుకొచ్చింది.

"తెర కట్టండి! ఏది పాడతాండాదో నేను చెప్తా. ఒక్కసారి తప్పు చెప్పినా ఈ పెట్టెల్ని నా చేతులతోనే మిద్దె మీదికి మోస్తా, ఈ పొద్దే. గది మీయమ్మది నేత్రా. తప్పు చెప్పకపోతే మాత్రం ఈ గది మాట మళ్లీ నా దగ్గర ఎత్తకూడదు."

మునిరత్నమ్మ మొగుడి మొహంలోకి ఒక క్షణం చూసింది. ఆమెకు ఇది సరదా పందెం కాదు. అయినా సరేనంది.

సాక్షులు కావాలి కదా. ఆదివారం కాబట్టి ఇద్దరు స్నేహితులు ఎలాగూ వచ్చారు. చింతామణి నుంచి వచ్చే ఆంజనేయప్ప బ్యాంకులో పని చేసి రిటైరైనవాడు. పాట వినేటప్పుడు కళ్లు మూసుకుని, వేళ్లు ముక్కు దగ్గర పెట్టుకుని, వాసన చూస్తున్నట్టు వింటాడు. చిన్న డబ్బాల్ని చూడగానే, "ఇది సారుపొడి కలిపిన వేణ్ణీళ్లు నారాయణస్వామీ. మనది పప్పుకట్టుతో కాచిన సారు," అని చారుతో పోల్చి, వినకముందే తీర్పిచ్చేశాడు. రెండోవాడు కొండప్ప, బాగేపల్లిలో మైకుసెట్టు బాడుగకిస్తాడు. పక్క ఊరికి వినపడనిది సౌండే కాదని అతని సిద్ధాంతం. అందుచేత అతని లెక్కలో పెద్ద పెట్టెలూ చిన్న డబ్బాలూ ఒకటే, రెండూ దండగే. ఇంతకన్నా నిష్పక్షపాతి దొరకడని అందరూ అతన్ని మధ్యవర్తిగా ఒప్పుకున్నారు.

తెరకు వెతకాల్సిన పని లేకపోయింది. నేత్ర పెళ్లిలో వధూవరుల మధ్య పట్టిన అడ్డుతెర బీరువాలో భద్రంగా ఉంది. గదికి అడ్డంగా తాడు కట్టి దాన్ని వేలాడదీశారు. చిన్న డబ్బాలూ పెద్ద పెట్టెలూ తెర వెనక పక్కపక్కనే ఉండాలి కనుక మగవాళ్లు నలుగురూ పట్టి, పెట్టెల్ని గోడ దగ్గర్నుంచి ముందుకు జరిపారు. వాటి వెనక బొంత చిమ్మటలు కొట్టి పోగులు పోగులుగా ఉంది. తాకగానే దుమ్ముతో సహా ఊడి కింద పడింది. దాన్ని మళ్లీ కొట్టే ఓపిక ఎవరికీ లేక చుట్టబెట్టి బయట పడేశారు. రెండింటికీ ఒకే ప్లేయరు, ఒకే వీణ రికార్డు. తెర వెనక మీట మార్చేది నేత్ర. రెండింటి గొంతూ సమానంగా ఉండేట్టు కొండప్ప చెవితో సరిచూసి, "ఇంత చిన్నగా పెట్టుకుంటే రెండూ గుసగుసలే," అని పెదవి విరిచాడు.

నారాయణస్వామి కుర్చీలో కూర్చున్నాడు. ఫ్యాను ఆగింది.

మొదటి వంతులో వీణ మొదలై నాలుగు మీటులు పడ్డాయో లేదో చెయ్యెత్తాడు. "భరిణెలు! కింది తీగ మోత వెనకబడి వస్తాండాది, భోజనాలైపోయినాక వచ్చిన చుట్టంలాగ."

నేత్ర తెర తీసింది. నిజమే, డబ్బాలే. ఆంజనేయప్ప చప్పట్లు కొట్టాడు. లోకేశ్ కూడా కొట్టాడు, నిజంగానే ముచ్చటపడి.

రెండో వంతు ఇంకా సులువైంది. "ఇది నాది. వేలు తీగ మీద జారేది కూడా వినపడతాండాది." తెర తీస్తే పెద్ద పెట్టెలే. మునిరత్నమ్మ నిట్టూర్చి లేచింది. "ఆకు వేళయింది," అని చెంగు బిగించుకుని వెళ్లిపోయింది. ఆమె ఆశ వదులుకుందని అందరికీ అర్థమైంది. లోకేశ్ తల దించుకున్నాడు. గది ఇప్పిస్తానని అత్తకు మాట ఇచ్చి వచ్చాడు పాపం.

మూడో వంతు. నేత్ర ఈసారి ఆలాపన పెట్టింది. వీణ మెల్లగా, ఒక్కొక్క స్వరం ఆగి ఆగి పలుకుతోంది. నారాయణస్వామి తల కొంచెం పక్కకు వంచి విన్నాడు. చెయ్యి లేచింది, గాలిలోనే ఆగిపోయింది. మొహం మెత్తబడింది. కళ్లు మూసుకునే, గొంతు తగ్గించి, "వాన," అన్నాడు.

"ఏమి?" అన్నాడు కొండప్ప.

"వాన పడతాండాది. వీణ వెనక. వినండప్పా, సన్నగా, ఆకుల మీద పడేలాగ."

అందరూ చెవులు రిక్కించారు. నిజంగానే వీణ వెనక సన్నని జల్లు ఉంది. ఎక్కడా తెగకుండా, వెడల్పుగా పరుచుకున్న జల్లు. కొండప్ప లేచి కిటికీలోంచి బయటికి చూశాడు. ఎండ పెళపెళలాడుతోంది.

"రికార్డు చేసినప్పుడు పడిన వాన!" అన్నాడు ఆంజనేయప్ప పరవశంగా. "ఇన్నేండ్లూ దాంకోనుండాది, ఈ పొద్దు బయటపడింది. ఆహా, ఎంత లోతు! గోడ అవతలినుంచి వస్తాండాదే!"

"పెట్టెల్ని గోడకు దూరం జరిపినాం కదా, అందుకే ఇంత నిగ్గు తేలింది," అన్నాడు నారాయణస్వామి. "లోకేశప్పా, నీ మీద కోపం లేదు. ఈ వాన విను చాలు. దీన్ని నా పెట్టెలు తప్ప ఏవీ పలకలేవు. భూమ్మీద ఏ భరిణె దీన్ని పలకలేదు. రాసిస్తా. తెర తియ్యమ్మా!"

నేత్ర తెర తియ్యలేదు. కాసేపటికి తెర పక్కనుంచి తల ఒక్కటే బయటికి పెట్టింది. నవ్వాలో జాలిపడాలో తెలియని మొహం.

"నాయనా, పెద్దవాటికి కరెంటే లేదు. వాల్వులు ఆర్పేసినా. పాడతాండేది చిన్నవే."

తెర జారింది. వాల్వులు చల్లగా, నల్లగా ఉన్నాయి.

"అయితే ఈ భరిణెలే వాన పలికినాయా?" అన్నాడు నారాయణస్వామి, నమ్మలేక.

నేత్ర రికార్డు మీంచి ముల్లు ఎత్తేసింది. వీణ ఆగిపోయింది. వాన ఆగలేదు.

అప్పుడు గమనించారు అందరూ. పెద్ద పెట్టెలు జరిగిన చోట, బొంత ఊడిన గోడలో, ఇన్నేళ్లూ అందరూ మరిచిపోయిన సిమెంటు జాలీ కిటికీ. వాన అందులోంచి వస్తోంది. నారాయణస్వామి లేచి, పెట్టెల మధ్యనుంచి వెళ్లి, జాలీకి మొహం ఆనించాడు. అవతల మునిరత్నమ్మ వంగి తట్టల్లో మల్బరీ ఆకు పరుస్తోంది. ఆమె చెయ్యి దాటిన తట్టల్లో పురుగులన్నీ ఒక్కసారిగా ఆకు కొరుకుతున్నాయి. వేలకు వేల పురుగులు, ఒకే జల్లు.

అతనికి ఒళ్లు ఝల్లుమంది. తనకు తెలియని శబ్దమా ఇది! చిన్నప్పుడు అమ్మ తనను పురుగుల తట్టల పక్కనే చాపేసి పడుకోబెట్టేది. ఇంట్లో వాన పడుతుంది కాని తడవమేమని అడిగితే ఆమె పకపకా నవ్వేది. చెవులు విప్పుకుని వినడం అతను మొదట నేర్చుకున్నది ఆ చాప మీదే. ఆ సంగతే మరిచిపోయి, దానికి అడ్డంగా టేకు పెట్టెలు నిలబెట్టి, వాటికి ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. సిగ్గేసింది. సిగ్గుకన్నా ఎక్కువగా, ఎందుకో, సంతోషమేసింది.

"మామా, ఇది లెక్కలోకి రాదు," అన్నాడు లోకేశ్ ఆదుర్దాగా. "పురుగుల శబ్దం కలిసిపోయింది. మళ్లీ ఒగసారి పెడదాం."

"తప్పు చెప్పినానా లేదా?"

"చెప్పినారు గానీ..."

"అయితే పట్టప్పా ఒక పక్క."

పెట్టెలు మిద్దెక్కాయి. మెట్ల మలుపులో ఒకటి ఇరుక్కుంటే కొండప్ప, "దీంట్లో సగం సైజుకు నేను రథోత్సవం నడిపిస్తా," అని దీర్ఘాలు తీస్తూనే భుజం పట్టాడు. ఆంజనేయప్ప వాల్వుల ఆంప్లిఫయరును పసిబిడ్డలాగ ఎత్తుకుని వెనక నడిచాడు. రేకుల కింద గడ్డి పరిస్తే మోత తగ్గుతుందేమోనని ఇద్దరూ అప్పుడే చర్చ మొదలుపెట్టారు. చిన్న డబ్బాలు వంటింట్లో గోడకెక్కాయి. అక్కడ కుక్కరు కూసినా వాటికి అభ్యంతరం లేదు.

ఖాళీ అయిన గదిని నేత్ర కడిగింది. మునిరత్నమ్మ కొత్త తట్టలకు స్టాండ్లు అప్పుడే కొలుచుకుంటోంది. నేలమీది పెయింటు గుర్తుల దగ్గర ఆగి, "ఇవి తుడిపేయాల్నా?" అంది.

"ఉండనీ," అన్నాడు నారాయణస్వామి. జేబులోంచి సిగరెట్టు పెట్టె తీసి కొండప్ప చేతిలో పెట్టాడు. పెరట్లోకి వెళ్లి సబ్బుతో స్నానం చేసి, ఉతికిన పంచె కట్టుకుని, పురుగుల గది గడప దగ్గరకొచ్చి నిలబడ్డాడు. లోపలికి అడుగు పెట్టలేదు.

మునిరత్నమ్మ దగ్గరకొచ్చి అతని చేతులు వాసన చూసింది. నోరు తెరవమంది. తెరిచాడు.

"రా," అంది.

తట్టల స్టాండ్లు రెండు పక్కలా వరసగా ఉన్నాయి. నారాయణస్వామి అడుగులో అడుగు వేసుకుంటూ వెళ్లి, సరిగ్గా రెండు వరసలకూ నడిమధ్యన ఆగాడు. కాస్త ముందుకు జరిగాడు, కాస్త వెనక్కి జరిగాడు. కుదిరిన చోట కళ్లు మూసుకున్నాడు. వాన అతని చుట్టూ పడుతోంది. చాలాసేపు విన్నాడు. మునిరత్నమ్మ అతన్ని చూస్తూ, ఇరవై ఏళ్లకు పైగా రాని మనిషి వచ్చాడు కదా, ఏమంటాడోనని నిలబడింది.

"రత్నా," అన్నాడు చివరికి, కళ్లు తెరవకుండానే. "ఎడమ పక్క కొంచెం తక్కువగా వినపడతాండాదే."

"ఆ పక్క ఇంగా ఆకు వెయ్యలా," అంది మునిరత్నమ్మ, ఆకు గంప తెచ్చి అతని చేతుల్లో పెడుతూ.