కొలిమి మూలన పెట్టిన బట్ట

"ఈ ముక్క పుటుక్కున విరుగుతుందేమోనే, నాకెందుకో భయంగా ఉంది" అంది ఒడిల్, కారు ఇంకా ఆగకముందే.

కూతురు క్లెమాన్స్ నవ్వింది. "విరగ్గొట్టడానికే కదమ్మా లాగేది. ఎలా విరుగుతుందన్నదే నా బాధ."

ఫ్రాన్సులోని బోర్డో నగర శివార్లలో ఉన్న ఒక కర్మాగారంలో ఇద్దరూ పనిచేస్తారు. సిలికాన్ కార్బైడ్ పోగులతో నేసిన బట్టను కొలిమిలో పేర్చడం తల్లి పని. అక్కడ వాయువు పోగుపోగుకీ పలచటి కార్బన్ పొర పూస్తుంది. తరువాత సందుల్లో గట్టి పదార్థం నింపితే ఇంజన్ల వేడిని తట్టుకునే పలక అవుతుంది. పలకలో పగులు పుడితే అది ఆ పొర దగ్గర పక్కకు మళ్ళాలి, పోగులు జారుతూ బరువు మోయాలి. పొర చాలకపోతే పోగులు ఆ గట్టి పదార్థానికి అతుక్కుపోయి, పలక పింగాణీ పళ్ళెంలా ఒక్కసారిగా పోతుంది. ఆ పొరను పూసే కొత్త పద్ధతి కోసం క్లెమాన్స్ మూడేళ్ళు కష్టపడింది. ఇవాళ యంత్రంతో లాగి చూసే ముక్క ఒక్కసారిగా విరిగితే ఆ పద్ధతిని అటకెక్కించడమేనని పై అధికారి దార్రిగాన్ చెప్పేశాడు.

ఒడిల్ భయానికి కారణం వేరే ఉంది. కొలిమిలో వాయువు బయటికి పోయే మూల పొర సరిగా పట్టదు. అక్కడ పనికిరాని బట్టే పెడతారు. ఈ ముక్క బట్టను పేర్చిన రోజు అరలన్నీ నిండిపోయాయి, కూతురేమో తొందరపెట్టింది. ఒడిల్ ఆ బట్టను ఆ మూలనే పెట్టి, కొలిమి లెక్కల పుస్తకంలో మాత్రం మధ్య అర అని రాసింది. 

పరీక్ష గది గాజు తలుపు బయట ఒడిల్ నిలబడి చూసింది. యంత్రం లాగసాగింది. పొర సరిగా ఉంటే ముందు చిన్నచిన్న చిటపటలు వినబడాలి. ఏమీ లేవు. టప్పుమంది. విరిగిన అంచు కత్తితో కోసినంత నున్నగా ఉంది, ఒక్క పోగూ బయటికి పొడుచుకు రాలేదు.

"కొత్తగా పెళ్ళయినవాళ్ళలా అతుక్కున్నాయి నీ పోగులు" అని దార్రిగాన్ వెటకారమాడి, ఆ పద్ధతిని ఇక ఆపేయమని చెప్పి వెళ్ళిపోయాడు.

చెబితే ఉద్యోగం పోవచ్చు. చెప్పకపోతే పిల్ల మూడేళ్ళ కష్టం బూడిదలో పోసిన పన్నీరే. ఒడిల్ తలుపు తోసుకుని లోపలికి వెళ్ళింది.

"నీ పద్ధతిలో లోపం లేదే. నీ బట్టను ఆ పాడు మూల పెట్టింది నేనే. పుస్తకంలో రాసింది అబద్ధం."

 క్లెమాన్స్ చేతిలో విరిగిన ముక్కను తిప్పుతూనే ఉంది. పక్కగదిలోవాళ్ళు భోజనానికి వెళ్ళారు, తిరిగొచ్చారు కూడా. ఒడిల్ కుర్చీ అంచున అలాగే కూర్చుంది.

"దార్రిగాన్ గారికి నువ్వే చెప్పాలమ్మా" అంది క్లెమాన్స్ చివరికి. "పద, నేనూ వస్తాను."