బండికి బొట్టు పెట్టిన మర్నాడు

ఆ సోమవారం పొద్దున కొండాపూర్‌లో నా డ్రైవింగ్ పరీక్ష. అంతకుముందు రెండుసార్లు తప్పాను. ఈసారీ తప్పితే మా ఆయన వెంకట్ "నీకెందుకు రేఖా శ్రమ, నేను దింపుతాగా" అని జీవితాంతం దీర్ఘాలు తీస్తాడు. ఆ దింపడం ఎంత సుఖమో నాకు తెలుసు. ఆయన మీటింగులు ముగిసేదాకా నేను మా ఆఫీసు గేటు దగ్గర బ్యాగు వేసుకుని సెక్యూరిటీవాళ్లతో పాటు నిలబడాలి. ఒళ్లు మండిపోతుంది. నా అంతట నేను వెళ్లాలి, నా అంతట నేను రావాలి. అంతే నా కోరిక.

తప్పిన రెండుసార్లూ డ్రైవింగ్ స్కూలు కార్లలో తప్పాను. నా మాట వినే క్లచ్ ఈ లోకంలో ఒక్కటే ఉంది. అది మా మామగారు విశ్వేశ్వరరావుగారి కార్బురేటర్ కాలం నాటి కారుది. రిటైరయ్యాక ఆయన ఆ బండిని పిల్లాణ్ని సాకినట్టు సాకుతున్నారు. ఆదివారాలు ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ ఖాళీ రోడ్ల మీద నాకు నేర్పింది కూడా ఆయనే. అందుకే ఈసారి పరీక్షకు అదే బండి తీసుకెళ్దామనుకున్నాం.

తాళం తిప్పాను. ఇంజిన్ కుంటుతూ లేచింది. బానెట్ కింద నుంచి "ఠప్" మంది. మళ్లీ "ఠప్". సెల్లార్ అంతా మోగిపోయింది.

"ఏంది బిడ్డా, పొద్దుగాల్నే పటాకులు కాలుస్తున్నరు?" అంటూ లింగమూర్తిగారు వచ్చారు. మా అపార్ట్‌మెంట్ కట్టిన స్థలం ఒకప్పుడు ఆయన పొలమే. అందుకే ఇక్కడ ఏ నల్లా కారినా, ఏ బండి మొరాయించినా ముందు ఆయనే చూడాలి. "పెట్రోల్ల నీళ్లు కలిసినయ్. మావోని బండి గిట్లనే చేసింది. ఫికర్ చెయ్యకు, నా బండి తీస్కపో."

ఆయన బండి లారీకి చెల్లెలు. అందులో వెళ్తే పరీక్ష పెట్టే ఆయన్నే తొక్కించేస్తాను. వద్దన్నాను.

మామయ్యగారు బానెట్ ఎత్తి, ఎయిర్ ఫిల్టర్ మూత తీసి చెవి ఒగ్గారు. "పొగగొట్టంలోంచి కాదమ్మా. గాలి పీల్చే చోట నుంచే కొడుతోంది. పెట్రోలు చాలకపోతే ఇలా తుమ్ముతుంది. పెట్రోలు ఎక్కువ అందేలా చోక్ లాగి చూడు."

లాగాను. చాలకపోవడమే రోగమైతే తుమ్ములు తగ్గాలి. ఒక్కటీ తగ్గలేదు.

"అయితే పెట్రోలు తప్పు కాదు," అన్నారాయన. "గాలి లోపలికొచ్చే తలుపు తెరిచి ఉండగానే ఎక్కడో నిప్పు పడుతోంది. మంట వెనక్కి తన్నేస్తోంది. నిప్పు వేళ తప్పింది."

నేను ఆఫీసులో చేసేది ఇంకొకరు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు వెతకడం. అక్కడ ఏది చెడిపోయినా మేం అడిగే మొదటి ప్రశ్న ఒకటే. అదే అడిగాను. "నిన్న మధ్యాహ్నం బాగానే ఉంది. ఆ తర్వాత దీన్నెవరు ముట్టుకున్నారు?"

మామయ్యగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "నేనేనమ్మా. సాయంత్రం పూజ చేశాను."

"దసరాకి చేశారుగా!"

"అది బండికి. ఇది నీ పరీక్షకి. ప్లగ్గు వైర్లన్నీ ఊడదీసి, శుభ్రంగా తుడిచి, ఒక్కోదానికీ పసుపూ కుంకుమా పెట్టి మళ్లీ బిగించాను. నిప్పు పడాల్సిన వరస ఎక్కడా తప్పలేదు. ఒకటి, మూడు, నాలుగు, రెండు."

"ఏ వైపు తిరుగుతూ పెట్టారు?"

"అదేం ప్రశ్న? ప్రదక్షిణంగానే! పూజ చేసిన చేత్తో ఎవరైనా ఎడంవైపు తిరుగుతారా?"

వైర్లన్నీ గుచ్చుకునే మూత విప్పాను. లోపల రోటర్ ఉంటుంది. అది తిరుగుతూ ఒక్కో వైరుకూ నిప్పు అందిస్తుంది. "మామయ్యగారూ, ఒక్కసారి సెల్ఫ్ కొట్టండి," అన్నాను. ఆయన కొట్టారు. లింగమూర్తిగారూ నేనూ తలలు వంచి చూశాం.

"అరె, గిది ఉల్టా తిరుగుతున్నది గద సార్!"

రోటర్ నిక్షేపంగా అప్రదక్షిణంగా తిరుగుతోంది. ఆయన కుడివైపుగా పెట్టుకుంటూ పోయేసరికి ఒకటీ నాలుగూ వాటి చోట్లలోనే ఉన్నాయి, రెండూ మూడూ మాత్రం తారుమారయ్యాయి.

"పరీక్ష రోజు పొద్దున్నేనా మామయ్యగారూ నాకీ పరీక్ష!" అని గట్టిగానే అరిచాను. అరిచాక ఆయన మొహం చూశాను. కుంకుమ అంటిన వేళ్లతో చొక్కా అంచు నలుపుకుంటూ నిలబడ్డారు. నేను గట్టెక్కాలని నాకంటే ఎక్కువ కోరుకున్న మనిషి. నాకు సిగ్గేసింది, ఆ వెంటనే ఆయన మీద బోలెడు ప్రేమ పుట్టుకొచ్చింది.

"మీరు అటు తిరగండి, నేను మార్చేస్తాను," అన్నాను.

"ఎందుకూ, నేను చూస్తూనే ఉంటాను. దాని సంప్రదాయం దానిది," అన్నారు.

రెండు వైర్లు అటూ ఇటూ మార్చి తాళం తిప్పాను. తుమ్ము లేదు, దగ్గు లేదు. ఇంజిన్ మెత్తగా పాడుకుంది. లింగమూర్తిగారు చప్పట్లు కొట్టారు. పెట్రోల్లో నీళ్లున్న మాట మాత్రం వెనక్కి తీసుకోలేదు.

పరీక్షలో ఎనిమిది అంకె తిప్పాను. రివర్సులో ఒక్క కర్రనూ పడగొట్టలేదు. పాసయ్యానని పరీక్ష పెట్టినాయన చెప్పగానే మామయ్యగారు నాకంటే ముందు "థాంక్సండీ" అనేశారు.

తిరిగి వచ్చేటప్పుడు ఆయన వెనక తలుపు తీసుకుని కూర్చున్నారు.

"ముందుకు రండి మామయ్యగారూ."

"వద్దమ్మా. ముందు కూర్చుంటే నా కాలు బ్రేకు వెతుక్కుంటుంది. నువ్వు పోనీ."

కొత్తగూడ చౌరస్తా దగ్గర బస్సులూ బైకులూ ఆటోలూ నాలుగువైపుల నుంచీ మీదికొచ్చాయి. "క్లచ్చమ్మా, క్లచ్చు" అంటారని చెవులు రిక్కించుకుని కూర్చున్నాను. అద్దంలో చూశాను.

నోరు తెరుచుకుని హాయిగా నిద్రపోతున్నారు. ఆయన లేస్తారేమోనని హారన్ కొట్టకుండానే ఫ్లైఓవర్ ఎక్కించాను.